ఆడుతూ పాడుతూ గెలిచారట!

వెస్టిండీస్ జట్టు చిత్తుగా ఓడినప్పుడల్లా మన క్రీడా పేజీల్లో ఒక సంతాప వ్యాసం పడుతుంది. 2025 జులైలో కింగ్‌స్టన్‌లో ఆస్ట్రేలియా చేతిలో ఆ జట్టు 27 పరుగులకే ఆలౌటైంది. టెస్టు చరిత్రలో అంతకన్నా తక్కువ స్కోరు ఒక్కటే ఉంది. ఇలాంటి సమయాల్లో వినిపించే వాదన స్థూలంగా ఇది: కరేబియన్ వాళ్ళకి ఆట పుట్టుకతోనే వచ్చింది. సముద్రం ఒడ్డు, కొబ్బరిచెట్ల నీడ, రమ్ము, డోళ్ళు, కాలిప్సో పాటలు. వచ్చారు, ఆడుతూ పాడుతూ ప్రపంచాన్ని గెలిచారు. క్రమశిక్షణ ఏనాడూ లేదు. డబ్బులిచ్చే లీగులు వచ్చాక ఉన్న కాస్త శ్రద్ధా పోయింది. పాట మిగిలింది, ఆట పోయింది. అయినా వెస్టిండీస్ అనే దేశమే లేదు కదా, లేని దేశానికి ఆడేవాడికి దేశాభిమానం ఎక్కణ్ణించి వస్తుంది?

ఈ వాదనకి ‘కాలిప్సో క్రికెట్’ అని ముద్దుపేరు. ఇంగ్లీషు పత్రికల్లో పెరిగి పెద్దదైన పేరు, మనవాళ్ళు మారు మాట్లాడకుండా ఎత్తుకున్న పేరు. వినడానికి మెచ్చుకోలులా ఉంటుంది గనక ఎవరూ దీన్ని నిలదీయరు. నిలదీస్తే ఇందులో మూడు అబద్ధాలు బయటపడతాయి. ఆ విజయాల వెనక శ్రమ లేదన్నది మొదటిది. ఆ పాటలో రాజకీయం లేదన్నది రెండోది. ఆ గర్వానికి ఆధారం లేదన్నది మూడోది.

మొదటి అబద్ధానికి జవాబు ఆ పేరు పుట్టిన మ్యాచ్‌లోనే ఉంది. 1950 జూన్ 29న లార్డ్స్‌లో వెస్టిండీస్ 326 పరుగుల తేడాతో ఇంగ్లండ్‌ను ఓడించింది. ఇంగ్లండ్ గడ్డ మీద వాళ్ళకి అదే తొలి టెస్టు గెలుపు. ట్రినిడాడ్ గాయకుడు లార్డ్ కిచెనర్ గిటారు పట్టుకుని, వెనక ఒక గుంపుని వేసుకుని మైదానం చుట్టూ పాడుతూ తిరిగాడు. ఆ ఊరేగింపు పికడిల్లీ దాకా సాగింది. మరో ట్రినిడాడ్ గాయకుడు లార్డ్ బిగినర్ కట్టిన విజయగీతం రికార్డుగా వచ్చి ఇల్లిల్లూ తిరిగింది. అందులో మళ్ళీ మళ్ళీ వచ్చే పేర్లు రెండు: సన్నీ రామదీన్, ఆల్ఫ్ వాలెంటైన్.

ఈ ఇద్దరూ ఆ మ్యాచ్‌లో వేసినవి 231 ఓవర్లు. వాటిలో 145 మెయిడెన్లు. తీసినవి 18 వికెట్లు. రెండో ఇన్నింగ్స్‌లోనే రామదీన్ 72 ఓవర్లు వేస్తే, వాలెంటైన్ 71 వేశాడు. ఒకడికి ఇరవై ఒక్కేళ్ళు, ఇంకొకడికి ఇరవై. ఆ పర్యటనకు ఎంపికయ్యేనాటికి చెరో రెండు ఫస్ట్ క్లాస్ మ్యాచ్‌లకు మించి ఆడినవాళ్ళు కాదు. పరుగు ఇవ్వకుండా, అదే చోట, అదే లెంగ్తులో గంటల తరబడి బంతి వేస్తూ పోవడం క్రికెట్‌లో ఉన్న పనులన్నిట్లోకీ ఓపిక ఎక్కువ కావలసిన పని. ఉల్లాసం, ఊపు, సహజ ప్రతిభ అంటూ రాసినవాళ్ళు స్కోరుబోర్డులో మెయిడెన్ల గడి చూడలేదు. జనం పాడింది గెలిచాక. గెలుపు దాకా నడిచింది ఇద్దరు కుర్రాళ్ళ మొండి ఓర్పు.

ఏడేళ్ళ తర్వాత ఎడ్జ్‌బాస్టన్‌లో రామదీన్ ఒక్క ఇన్నింగ్స్‌లో 98 ఓవర్లు వేశాడు. ఇప్పటికీ అది టెస్టు రికార్డు. బంతి ఎటు తిరుగుతుందో అంతుపట్టని పీటర్ మే, కొలిన్ కౌడ్రీ బ్యాటు వెనక దాచి కాలిప్యాడుతో బంతిని తోసేస్తూ 411 పరుగుల భాగస్వామ్యం నిలబెట్టారు. అప్పటి నిబంధన కింద అంపైర్లు వేలెత్తలేదు. ఆ రోజున ఇంగ్లండ్ ఆటని ఎవరూ తెల్లవాళ్ళ నాట్యం అనలేదు, వ్యూహం అన్నారు. ఒకే ఆటలో ఒకరు చేసింది తెలివి అయినప్పుడు రెండోవారు చేసింది రక్తగుణం ఎలా అవుతుంది?

ఇక పాట సంగతి. లార్డ్స్‌లో పాడినవాళ్ళు విహారానికి వచ్చిన జనం కారు. 1948 జూన్‌లో ఎంపైర్ విండ్‌రష్ అనే ఓడ జమైకా నుంచి కొన్ని వందల మందిని లండన్ దగ్గరి టిల్బరీ రేవులో దించింది. కిచెనర్ ఆ ఓడలోనే వచ్చాడు. యుద్ధంలో దెబ్బతిన్న ఇంగ్లండ్‌కి చేతులు కావాలి. వచ్చిన చేతులకి బస్సుల్లో, ఆస్పత్రుల్లో, ఫ్యాక్టరీల్లో పని దొరికింది గానీ అద్దెకి గది దొరకడం గగనమైంది. అంతకు ముందే, 1943లో, క్రికెటర్ లీరీ కాన్‌స్టంటైన్‌కి లండన్‌లోని ఇంపీరియల్ హోటల్ బస నిరాకరించింది. నల్లవాడు ఉంటే అమెరికన్ సైనికులకు ఇబ్బంది అన్నారు. ఆయన కోర్టుకి వెళ్ళి గెలిచాడు. ఆనాటి లండన్‌లో నల్లజాతి జనం గుంపుగా ఒక వీధిలో నడిస్తేనే వింత. అలాంటివాళ్ళు లార్డ్స్ పచ్చిక మీద ఊరేగి, నగరం నడిబొడ్డు దాకా పాడుకుంటూ వెళ్ళారంటే దాన్ని సరదా అని తేల్చేయడానికి చాలా నిర్లక్ష్యం కావాలి.

అసలు కాలిప్సో ఎక్కడ పెరిగిందో తెలిస్తే ఆ నిర్లక్ష్యం ఎంత పెద్దదో అర్థమవుతుంది. ట్రినిడాడ్‌లో బానిసత్వం పోయాక, విడుదలైనవాళ్ళు కార్నివాల్ రోజుల్లో కాగడాలు పట్టుకుని, డోళ్ళు కొట్టుకుంటూ వీధుల్లోకి వచ్చేవారు. 1881లో పోలీసులు వాళ్ళని ఆపబోతే పోర్ట్ ఆఫ్ స్పెయిన్ వీధుల్లో పెద్ద కొట్లాట జరిగింది. తర్వాత రెండు మూడేళ్ళలో చర్మవాద్యాల మీద నిషేధం చట్టంగా వచ్చింది. జనం వెదురు బొంగులు నేలకేసి కొట్టి తాళం వేశారు. ఆ తర్వాత బిస్కెట్ డబ్బాలు, ఇనప ముక్కలు, చివరికి నూనె కంపెనీల ఖాళీ పీపాలు వాద్యాలయ్యాయి. ఇవాళ ప్రపంచమంతా వినే స్టీల్‌ప్యాన్ ఈ నిషేధాల సందుల్లోంచి పుట్టిన వాద్యం. దాన్ని వాయించినవాళ్ళని రౌడీలని పోలీసులు తరిమిన పదేళ్ళు తిరక్కుండానే, 1951లో, అదే ట్రినిడాడ్ నుంచి ఒక స్టీల్ బృందం బ్రిటన్ జాతీయ ఉత్సవంలో వాయించింది. 1992లో అది ట్రినిడాడ్ అండ్ టొబాగో జాతీయ వాద్యమైంది.

పాటల కథా అంతే. కాలిప్సో గాయకులు గుడారాల్లో పాడేవారు. ధరలు పెరిగినా, గవర్నర్ తప్పుచేసినా, నూనె బావుల్లో సమ్మె జరిగినా ఆ వారమే పాట తయారయ్యేది. చదువురాని జనానికి అదే వార్తాపత్రిక, అదే సంపాదకీయం. 1934లో వచ్చిన ఒక ఆర్డినెన్సు కింద పాటలు ముందుగా పోలీసుల కళ్ళ పడాల్సిందే. ఒక్క పాట రాసినందుకు గరిమెళ్ళ సత్యనారాయణ జైలుకెళ్ళిన నేలమీద ఉన్నవాళ్ళకి దీన్ని విడమరిచి చెప్పనక్కర్లేదు. పాలకుడికి పాటంటే ఉన్న భయమే ఆ పాట పలుకుబడికి కొలత. అటిల్లా ద హన్ పేరుతో పాడిన రేమండ్ కెవెడో గుడారం నుంచి నగర కౌన్సిలుకీ, అక్కణ్ణించి 1950లో శాసనమండలికీ ఎన్నికయ్యాడు. అలాంటి సంప్రదాయంలో పెరిగిన పాట క్రికెట్ మైదానంలో అడుగుపెట్టింది. అది ఆటకి వేసిన తోరణం అనుకోవడం, పొద్దున్నే వచ్చే పేపరుని పొట్లాలు కట్టుకునే కాగితం అనుకోవడం లాంటిదే.

క్రికెట్ మాత్రం తెల్లదొర తెచ్చిందే కదా, దాని మీద గర్వమేమిటని ఇక్కడ ఒక పాత ప్రశ్న లేస్తుంది. తెచ్చింది తెల్లదొరే. చెరకు తోటల యజమానులు తమ కోసం తెచ్చుకున్నారు, ఎవరు ఎక్కడ నిలబడాలో నేర్పడానికి వాడుకున్నారు. ట్రినిడాడ్ రచయిత సి.ఎల్.ఆర్. జేమ్స్ 1963లో అచ్చయిన తన పుస్తకంలో ట్రినిడాడ్ క్లబ్బుల నిచ్చెనని వర్ణించాడు. క్వీన్స్ పార్క్ ధనిక శ్వేతజాతిది. షామ్‌రాక్ ఫ్రెంచి మూలాల కాథలిక్కులది. మేపుల్ లేతరంగు మధ్యతరగతిది. షానన్ నల్లజాతి చిరుద్యోగులది. స్టింగో అందరికన్నా కిందనున్న శ్రామికులది. ఇంత పచ్చిగా కులం కట్టిన ఆటలోనే నిచ్చెన కింద మెట్టువాడు పై మెట్టువాడిని, పదిమంది చూస్తుండగా, అంపైరు సాక్షిగా ఔట్ చేయగల అవకాశం ఉంది. తోటలో లేదు, కోర్టులో లేదు, ఆఫీసులో లేదు. షానన్ క్లబ్బు ఆటగాళ్ళు ఆ అవకాశాన్ని ఎంత పంతంగా పట్టుకున్నారో జేమ్స్ పేజీలకి పేజీలు రాశాడు. కాన్‌స్టంటైన్ ఆ క్లబ్బులోంచే వచ్చాడు.

బంతి వేయడానికీ పరుగులు చేయడానికీ నల్లవాడు పనికొచ్చాడు, నాయకత్వానికి పనికిరాలేదు. 1930లో ఇంగ్లండ్ వచ్చి ఆడిన నాలుగు టెస్టులకి నలుగురు వేర్వేరు కెప్టెన్లు. ఎక్కడ మ్యాచ్ జరిగితే అక్కడి పెద్దింటివాడు కెప్టెన్. ఆ సిరీస్‌లో జార్జిటౌన్ టెస్టులో రెండు ఇన్నింగ్స్‌లోనూ సెంచరీలు చేసి వెస్టిండీస్‌కి మొట్టమొదటి టెస్టు గెలుపు తెచ్చిన జార్జ్ హెడ్లీ, 60కి పైగా సగటుతో టెస్టు జీవితం ముగించాడు. ఆయనకి కెప్టెన్సీ దక్కింది ఒకే ఒక్క టెస్టుకి, 1948లో. లార్డ్స్‌లో ఆ చారిత్రక విజయం నాటి కెప్టెన్ కూడా శ్వేతజాతి బార్బడోస్ వ్యాపార కుటుంబానికి చెందిన జాన్ గొడార్డే.

1958లో ట్రినిడాడ్ తిరిగి వచ్చిన జేమ్స్, అధికార పార్టీ పత్రిక ‘ద నేషన్’ సంపాదకుడిగా నల్లజాతి ఆటగాడు ఫ్రాంక్ వారెల్‌ని కెప్టెన్ చేయాలని ఊదరగొట్టాడు. 1960 జనవరి 30న క్వీన్స్ పార్క్ ఓవల్‌లో ఇంగ్లండ్‌తో టెస్టు జరుగుతుండగా కుర్రాడు చరణ్ సింగ్ రనౌట్ కాగానే జనం సీసాలు విసిరి ఆట ఆపేశారు. పేపర్లు దీన్ని రమ్ము మత్తు అన్నాయి. జేమ్స్ మాత్రం ఏళ్ళ తరబడి పేరుకున్న అవమానం అన్నాడు. ఆ ఏడాదే వారెల్ కెప్టెన్ అయ్యాడు. ఆస్ట్రేలియా వెళ్ళి బ్రిస్బేన్‌లో టెస్టు చరిత్రలోనే మొదటి టై మ్యాచ్ ఆడాడు. సిరీస్ 2-1తో ఓడాడు. అయినా వెళ్ళిపోయేటప్పుడు మెల్‌బోర్న్ వీధుల్లో లక్షలాది జనం నిలబడి ఆ జట్టుకి వీడ్కోలు చెప్పారు. నల్లవాడు జట్టు నడపలేడన్న మాట మళ్ళీ ఎవరూ పైకి అనలేకపోయారు. ఆట, పత్రిక, వీధి, పాట అన్నీ కలిసి ఒక ఉద్యోగ నియామకం మీద చేసిన పోరాటం అది. దాన్ని చరిత్ర నుంచి తీసేస్తేనే ‘ఆడుతూ పాడుతూ’ అనే కథ నిలబడుతుంది.

దేశం లేదన్న మాట కొద్దాం. ఇది మూడిట్లోకీ తెలివైన వాదన, ఎందుకంటే పైకి వాస్తవంలా కనబడుతుంది. 1958 జనవరిలో పది భూభాగాలతో వెస్టిండీస్ సమాఖ్య ఏర్పడింది. 1961లో జమైకా ప్రజలు ఓటువేసి బయటికొచ్చారు. 1962 మే నెలాఖరుకి సమాఖ్య ముగిసింది. అదే ఏడాది ఆగస్టులో జమైకా, ట్రినిడాడ్ విడివిడిగా స్వతంత్రమయ్యాయి, 1966లో గయానా, బార్బడోస్. ఎవరి జెండా వాళ్ళది, ఎవరి గీతం వాళ్ళది, ఎవరి నాణెం వాళ్ళది. క్రికెట్ జట్టు మాత్రం ఒక్కటే మిగిలింది. సమాఖ్యలో చేరనే చేరని గయానా కూడా ఆ జట్టులో ఉంది. నాయకులు కూర్చుని రాసుకున్న రాజ్యాంగం నాలుగేళ్ళు బతికితే, పదకొండు మంది జట్టు అంతకు ముందూ ఉంది, ఆ తర్వాతా ఉంది. దేశం లేదు గనక గర్వం లేదనేవాళ్ళు కారణాన్నీ ఫలితాన్నీ తలకిందులు చేస్తున్నారు. రాజకీయం కట్టలేకపోయిన ఇంటిని ఆ జనం ఆటలో కట్టుకున్నారు. ఆ ఇంటికి జాతీయగీతం లేదు గనక, 1980ల చివర్లో జట్టు తడబడుతున్న రోజుల్లో ట్రినిడాడ్ గాయకుడు డేవిడ్ రడ్డర్ అండగా నిలబడమంటూ కట్టిన పాటని బోర్డు జట్టు గీతంగా స్వీకరించింది. తక్కిన జట్లు దాదాపు అన్నీ ప్రభుత్వ గీతానికి నిలబడితే, ఈ జట్టు ఒక కాలిప్సో గాయకుడి పాటకి నిలబడుతుంది.

ఆ గర్వం ఎలాంటిదో తెలియడానికి 1971 చూడాలి. అజిత్ వాడేకర్ నాయకత్వంలో భారత జట్టు కరేబియన్‌కి వెళ్ళి తొలిసారి వెస్టిండీస్ మీద సిరీస్ గెలిచింది. ఆ జట్టులో జయసింహ, ఆబిద్ అలీ, కృష్ణమూర్తి, జయంతిలాల్, గోవిందరాజ్, ఐదుగురు హైదరాబాదీలున్నారు. అరంగేట్రంలోనే నాలుగు టెస్టుల్లో 774 పరుగులు చేసిన గావస్కర్ మీద ట్రినిడాడ్ గాయకుడు లార్డ్ రిలేటర్ కాలిప్సో కట్టాడు. తమవాళ్ళు ఆ కుర్రాణ్ణి ఔట్ చేయలేక ఎలా చేతులెత్తేశారో అందులో నవ్వుతూ చెప్పాడు. తనని ఓడించినవాడి మీద ఇంత మనసారా పాట కట్టిన దేశం ఇంకొకటి చూపించడం కష్టం. గావస్కర్ తన కొడుక్కి పెట్టుకున్న పేరు రోహన్ జైవిశ్వ. రోహన్ అంటే గయానాకి చెందిన రోహన్ కన్హాయ్. జైలో జయసింహ, విశ్వలో విశ్వనాథ్. ప్రత్యర్థిని మెచ్చుకోగల ఆత్మాభిమానం దేశం లేనివాళ్ళ దగ్గర ఇంత పుష్కలంగా ఉంటే, దేశాలున్నవాళ్ళు నేర్చుకోవలసింది ఏదో ఉన్నట్టే.

అలాగని ఆ ఇంట్లో అందరికీ సమానంగా చోటు దొరికిందని చెప్పడం ఇంకో అబద్ధం. 1838 మొదలుకుని కలకత్తా, మద్రాసు రేవుల నుంచి ఒప్పంద కూలీలుగా వెళ్ళిన భారతీయుల సంతతి, వారిలో తెలుగువాళ్ళు కూడా, గయానా, ట్రినిడాడ్ జనాభాలో పెద్ద భాగం. రామదీన్ ఆ సంతతి నుంచి వెస్టిండీస్‌కి ఆడిన మొదటివాడు. ఆ పేరు లార్డ్స్ పాటలో మార్మోగినా, డెబ్భైల్లో పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో భారత జట్టు ఆడినప్పుడు భారత సంతతి జనంలో చాలామంది సందర్శకుల వైపే చప్పట్లు కొట్టారు. నల్లజాతి విముక్తి గురించే పాడే పాటలో తమకి చోటెక్కడని వాళ్ళు అడిగిన ప్రశ్న న్యాయమైనదే. 1983లో లారెన్స్ రో నాయకత్వంలో ఒక జట్టు డబ్బు తీసుకుని వర్ణవివక్ష రాజ్యమైన దక్షిణాఫ్రికాకి వెళ్ళింది. వాళ్ళకి జీవితకాల నిషేధం పడింది. చాలామంది సొంత ఊళ్ళలో తలెత్తుకోలేకపోయారు. ఈ చీలికలన్నీ చూపేది ఒక్కటే, అక్కడ నిజంగా ఏదో పణంగా ఉంది. పట్టింపు లేనిచోట ద్రోహం అనే మాట పుట్టదు.

కాలిప్సో వాదులు జవాబు చెప్పుకోలేని ఘట్టం 1976లో మొదలవుతుంది. దక్షిణాఫ్రికాలో పుట్టిన ఇంగ్లండ్ కెప్టెన్ టోనీ గ్రెగ్ సిరీస్‌కి ముందు టీవీలో, వీళ్ళని కాళ్ళబేరానికి తెస్తానని అన్నాడు. ఆ మాట చెవినపడిన కొద్ది రోజులకే దక్షిణాఫ్రికాలోని సొవెటోలో బడిపిల్లల మీద తూటాలు పేలాయి. వెస్టిండీస్ 3-0తో గెలిచింది. వివియన్ రిచర్డ్స్ నాలుగు టెస్టుల్లో 829 పరుగులు చేశాడు. జీవం లేని ఓవల్ పిచ్ మీద మైకేల్ హోల్డింగ్ 14 వికెట్లు తీశాడు. గ్యాలరీల్లో డబ్బాలు మోగాయి, రెగే మోగింది. రిచర్డ్స్ తర్వాతి రోజుల్లో ఆఫ్రికా విముక్తి రంగులైన ఎరుపు, పసుపు, ఆకుపచ్చ పట్టీ చేతికి కట్టుకుని ఆడాడు. 1980 నుంచి 1995 దాకా, పదిహేనేళ్ళు, ఆ జట్టు ఒక్క టెస్టు సిరీస్ కూడా ఓడిపోలేదు.

అప్పుడు ‘కాలిప్సో’ మాట ఎక్కడికి పోయింది? ఓడినంత కాలం ముచ్చటైన ఉల్లాసం అన్నవాళ్ళే, గెలవడం మొదలుపెట్టగానే భయపెడుతున్నారన్నారు, హింస అన్నారు, ఆటని చంపేస్తున్నారన్నారు. 1991లో ఒక బ్యాట్స్‌మన్‌కి ఓవర్‌కి ఒకే బౌన్సర్ అని నిబంధన వచ్చింది. గ్యాలరీల్లోని డోళ్ళూ ఈలలూ గంటల మీద ఇంగ్లండ్ మైదానాల్లో ఆంక్షలు వచ్చాయి. పాట ముచ్చటైనదైతే ఆంక్షలెందుకు? ఆట సహజ ప్రతిభే అయితే నిబంధన ఎందుకు? పాలకుడి వారసుడికి పాట అర్థం కాక కాదు, బాగా అర్థమయ్యే ఆపాడు.

ఇక ఆ పదిహేనేళ్ళ వెనకున్న పని. ఆంటిగ్వా జనం నిధులు పోగుచేసి 1972లో రిచర్డ్స్‌నీ ఆండీ రాబర్ట్స్‌నీ లండన్‌లోని ఆల్ఫ్ గోవర్ శిక్షణాలయానికి పంపారు. ఎండ దేశం కుర్రాళ్ళు ఇంగ్లండ్ చలిలో ఇన్‌డోర్ నెట్స్‌లో కాళ్ళ కదలిక దిద్దుకున్నారు. రాబర్ట్స్ రెండు వేగాల బౌన్సర్లు తయారుచేసుకున్నాడు: మొదటిది బ్యాట్స్‌మన్ ధీమాగా కొట్టేలా, రెండోది వాడి అంచనా తప్పేలా. 1976లోనే పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో భారత్ 403 పరుగుల లక్ష్యం ఛేదించాక, ముగ్గురు స్పిన్నర్లతో పని జరగదని క్లైవ్ లాయిడ్ లెక్కవేసి నలుగురు పేసర్ల వ్యూహానికి మళ్ళాడు. ఆస్ట్రేలియా వ్యాపారి కెర్రీ ప్యాకర్ పెట్టిన ప్రైవేటు సిరీస్ రోజుల్లో చేరిన ఆస్ట్రేలియన్ రగ్బీ శిక్షకుడు డెనిస్ వెయిట్ వాళ్ళని తెల్లారకముందే పరుగులు పెట్టించాడు. రెండు దశాబ్దాలకు పైగా ఆ జట్టుతోనే ఉన్నాడు. 1983లో ప్రపంచ కప్ ఫైనల్ ఓడిన నాలుగు నెలలకి భారత్ వచ్చి ఆరు టెస్టుల్లో 33 వికెట్లు తీసిన మాల్కం మార్షల్‌ది పుట్టుకతో వచ్చిన ఊపు అనేవాళ్ళు, కాన్పూర్‌లో అతని బంతికి గావస్కర్ చేతిలోంచి బ్యాటు ఎగిరిపోయిన దృశ్యం మరోసారి చూడాలి.

ఫాస్ట్ బౌలింగ్ విద్య అని, నేర్చుకోవలసిందని మన బోర్డుకి అందరికన్నా ముందే తెలుసు. 1962లో కరేబియన్‌లో 5-0తో ఓడి, బార్బడోస్‌లో నారీ కాంట్రాక్టర్ తల పగిలి చావు తప్పి బయటపడ్డాక, నలుగురు వెస్టిండీస్ పేసర్లని పిలిపించి రంజీ ట్రోఫీలో ఆడించారు. వాళ్ళలో రాయ్ గిల్‌క్రిస్ట్ హైదరాబాద్ తరఫున ఆడాడు. రక్తంలో ఉన్నదాన్ని అరువు తెచ్చుకోలేం. విద్య గనకే జీతమిచ్చి తెచ్చుకున్నారు.

మరి పతనానికి కారణం? పాటే కారణమైతే, గెలిచిన కాలంలోనే పాట ఉండకూడదు. ఆంటిగ్వా రిక్రియేషన్ గ్రౌండ్‌లో చికీ అనే డీజే పెట్టెల్లోంచి పాటలు హోరెత్తుతుండగానే 1986లో రిచర్డ్స్ 56 బంతుల్లో సెంచరీ కొట్టాడు. 1994లో బ్రయాన్ లారా అక్కడే 375 చేశాడు. ఆ డోళ్ళు ఆగింది 2007లో, ప్రపంచ కప్ కరేబియన్‌కి వచ్చినప్పుడు. నిర్వాహకులు వాద్యాలకీ శంఖాలకీ అనుమతులు పెట్టారు, బయటి తిండి వద్దన్నారు, టిక్కెట్లు అందనంత ధరకి అమ్మారు. జనం రాలేదు, సగం ఖాళీ స్టేడియాలు టీవీలో కనిపించాక ఆంక్షలు సడలించారు. ఆంటిగ్వా ఆటని పట్నం నడిమధ్య నుంచి ఊరవతల కొత్త స్టేడియానికి తరలించారు. 2009లో అక్కడ ఇసుక మేటల వల్ల ఒక టెస్టు పది బంతులకే రద్దయింది. పాటని తీసేస్తే ఆట బాగుపడుతుందన్న ప్రయోగం జరిగిపోయింది. ఫలితం అందరూ చూశారు.

2014 అక్టోబరులో వేతనాల గొడవతో జట్టు ధర్మశాల నుంచి పర్యటన మధ్యలో వెళ్ళిపోయింది. మన పత్రికలు దాన్ని డబ్బు యావ అన్నాయి. కరేబియన్‌లో ఆటగాడి కూలి గురించి మాట్లాడటం కొత్తగా వచ్చిన రోగం కాదు. 1970ల చివర్లో గాయకుడు మైటీ స్పారో ప్యాకర్ పేరుతోనే కాలిప్సో కట్టి ఆటగాళ్ళ సంపాదన గొడవని గుడారానికెక్కించాడు. 2016లో టీ20 ప్రపంచ కప్‌కి ముందు ఒక ఇంగ్లీషు వ్యాఖ్యాత ఈ జట్టుకి బుర్ర తక్కువని రాశాడు. ఈడెన్ గార్డెన్స్‌లో బ్రాత్‌వైట్ చివరి ఓవర్లో వరసగా నాలుగు సిక్సర్లతో కప్పు గెలిపించాక, కెప్టెన్ డారెన్ సామీ మైకు ముందే ఆ మాట గుర్తుచేశాడు, జట్టుకి యూనిఫారాలు సైతం తామే సమకూర్చుకోవలసి వచ్చిందనీ చెప్పాడు. వ్యాఖ్యాత క్షమాపణ కోరాడు. ఆ రాత్రి జట్టు చిందేసిన పాట డ్వేన్ బ్రావోది. మనవాళ్ళు స్టెప్పులు మాత్రమే చూశారు. అందులో వరసబెట్టిన ‘ఛాంపియన్ల’ పేర్లలో లారా, బోల్ట్, ఒబామా, మండేలా ఉన్నారు. లార్డ్ బిగినర్ ఇద్దరు స్పిన్నర్ల పేర్లు పాడిన పనినే బ్రావో కొత్త తాళంలో చేశాడు.

పతనానికి లెక్కలు వేరేచోట ఉన్నాయి. ఐసీసీ 2024-27 ఆదాయ పంపకంలో భారత బోర్డు వాటా సుమారు 38.5 శాతం, డజను ప్రభుత్వాల కింద, సముద్రం మీద విమానాల్లో తిరిగి ఆడాల్సిన వెస్టిండీస్ వాటా 5 శాతం లోపే. 2025 జూన్‌లో నికొలస్ పూరన్ 29 ఏళ్ళకే అంతర్జాతీయ క్రికెట్ మానేశాడు. అతని బతుకుతెరువు లీగులే. ఆ లీగుల్లో అతి పెద్దది మనది. 2024 జనవరిలో గబ్బాలో కాలివేలికి దెబ్బ తగిలినా 68 పరుగులకి 7 వికెట్లు తీసి ఆస్ట్రేలియాని ఓడించిన షమార్ జోసెఫ్, గయానాలో పడవలో తప్ప చేరలేని బరకారా నుంచి వచ్చిన, నిన్నమొన్నటి దాకా సెక్యూరిటీ గార్డు పనిచేసిన కుర్రాడు. అతని గురించీ అద్భుతం, సహజ ప్రతిభ అనే రాశారు. ఆ కుర్రాడికి నెట్స్ ఎవరు ఏర్పాటు చేస్తారు, ట్రైనర్ జీతం ఎవరు కడతారు, వచ్చే ఐదేళ్ళు టెస్టులు ఆడే స్థోమత అతని బోర్డుకి మిగులుతుందా అన్న ప్రశ్నలకి జవాబు కింగ్‌స్టన్ గ్యాలరీల్లో దొరకదు. ఆ డబ్బు పంచే సమావేశాల్లో దొరుకుతుంది. అక్కడ అందరికన్నా పెద్ద కుర్చీ మన బోర్డుది, కాబట్టి సంతాప వ్యాసం రాసే మన క్రీడా విలేకరులు ఆ ప్రశ్న వేయడానికి దూరం వెళ్ళనక్కర్లేదు.